జైనబక్క పేరు మీది సంస్థ

తొర్రూరు బస్టాండు ఎదురుగా, మందుల షాపు పైన నా ఆఫీసు. జీఎస్టీ రిటర్నులు, ఫర్ముల రిజిస్ట్రేషన్లు, పాన్ కార్డులు నా పని. బోర్డు మీద 'యుగేందర్, ట్యాక్స్ కన్సల్టెంట్' అని ఉంటుంది. కన్సల్టెంట్ అన్న మాట నాకు ఎవరూ ఇవ్వలేదు, నేనే పెట్టుకున్నాను. ఇరవై ఏళ్ళలో ఎన్నో ఫర్ములు పెట్టించాను. కొన్ని నిలబడ్డాయి, కొన్ని పోయాయి, పోయినవాటి గురించి నేనెప్పుడూ నిద్ర చెడగొట్టుకోలేదు. ఒక్క జైనబక్క సంస్థ గురించి మాత్రం ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. అది ఎవరికైనా చెప్పాలని ఇన్నాళ్ళూ అనుకోవడమే తప్ప చెప్పలేదు.

జైనబక్క టెంట్ హౌస్ నబీసాబ్ చెల్లెలు. నబీసాబ్ అంటే ఇటు పాలకుర్తి నుంచి అటు మహబూబాబాద్ దాకా ఆడపిల్లను కన్న ప్రతివాడికీ తెలుసు. ముహూర్తం పెట్టే పంతులు కంటే ముందు నబీసాబ్‌ను అడిగేవాళ్ళు, ఆ రోజు టెంటు ఖాళీగా ఉందా అని. జైనబక్కను స్టేషన్ ఘన్‌పూర్‌లో లారీ డ్రైవర్ ఆమెర్‌కు ఇచ్చారు. పెళ్ళయిన ఐదేళ్ళకు అతను కామెర్లతో పోయాడు. మూడేళ్ళ కూతురు షాహీన్‌ను చంకనేసుకుని ఆమె అన్న ఇంటికి వచ్చింది. అన్న ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆమెకు బరువైంది. కూచుని తినడం చేతకాని మనిషి.

టెంట్ హౌస్ వెనక పెరట్లో, పెళ్ళిళ్ళకు కిరాయికి పోయి తిరిగొచ్చిన వంటగిన్నెలు గుట్టలుగా పడి ఉండేవి. వాటిని తోమే పని ఆమె తీసుకుంది. మనిషి లోపల కూచుని తోమాల్సిన గిన్నెలు అవి. ఆరేడేళ్ళు ఆ పనే చేసింది. తోమి తోమి ఆమెకు ఒక విద్య పట్టుబడింది. గిన్నె అడుగు చూసి వంట ఎలా జరిగిందో చెప్పేసేది.

"గీ బగారన్నం గిన్నె సూడు తమ్మి," అని ఒకసారి నాకే చూపించింది. "ఎసరు మరగక ముందే బియ్యం పోసిండు. అంచులకున్నోళ్ళు మెత్తగ తిన్నరు, నడుమలున్నోళ్ళు పలుకు తిన్నరు. పెండ్లోళ్ళు పైసలు ఇయ్యకుండ కొట్లాడి ఉంటరు."

కొట్లాడారట కూడా. నేను కనుక్కున్నాను.

ఒక ఏడాది పెళ్ళిళ్ళ రోజుల్లో, ఒప్పుకున్న వంటమనిషి భూపాలపల్లిలో ఎవరో బొగ్గుగనుల పెద్దింటి పెళ్ళికి ఎక్కువిస్తామంటే చెప్పాపెట్టకుండా అటు పోయాడు. ఇక్కడ పెళ్ళి పదకొండింటికి. మేకలు కోసి ఉన్నాయి, పొయ్యి మీద పెట్టేవాడు లేడు. నబీసాబ్ తల పట్టుకుని కూచున్నాడు. జైనబక్క కొంగు బిగించి, నేను వండుతానంది. అంత మంది మగవాళ్ళ మధ్య ఆడమనిషి గిన్నెల దగ్గర నిలబడ్డమేంటని నబీసాబ్ ససేమిరా అన్నాడు. పెళ్ళికూతురి తండ్రి వచ్చి ఆమెకే దండం పెట్టాడు. అవసరం అన్నీ నేర్పుతుంది, మర్యాదతో సహా.

ఆ రోజు నాలుగు వందల మంది తిన్నారు. వారం తిరక్కుండానే జనం నబీసాబ్ దగ్గరికొచ్చి, టెంటు నీది, వంట నీ చెల్లెది అనడం మొదలుపెట్టారు. వంట ఒప్పుకునేటప్పుడు ఆమె పద్ధతే వేరు. ఎంతమందికి అని అడిగేది. మూడొందలు అని వాళ్ళనేవాళ్ళు. పత్రికలు ఎన్ని కొట్టించారని అడిగేది. ఐదొందలు అని నసిగేవాళ్ళు. "అయితే ఆరొందలకు పోస్త. తక్కువైతే నా పేరు పోతది, ఎక్కువైతే మీ కుక్కలు తింటయి," అనేది. ఆమె చేసిన పప్పు దాల్చా తక్కువ పడిందన్న మాట నేను ఎక్కడా వినలేదు. కుక్కలకు మిగిలిందనీ వినలేదు.

పదేళ్ళు అలా వండి, ఉన్న నాలుగు గాజులూ అమ్మి, మహబూబాబాద్ రోడ్డు మీద చిన్న ప్లాటు కొన్నది. రేకుల షెడ్డు వేసింది. ఆరు పొయ్యిలు, ఒక బోరు, సామాను పెట్టుకునే గది. రిజిస్ట్రేషన్ ఆమె పేరు మీదే. సంతకం కోసం షాహీన్ దగ్గర తెలుగులో పేరు రాయడం నేర్చుకుంది. వేలిముద్ర అయితే ఏమవుతుందక్కా అని నేనంటే, "నా జాగకు నా పేరు నేనే రాసుకుంట," అంది.

అప్పటికి నబీసాబ్ కొడుకు మాజిద్ లైట్లు, జనరేటరు చూసుకునేవాడు. అంటే ఒక్క కుటుంబంలో మూడు వ్యాపారాలు: అన్నది టెంటు, చెల్లెది వంట, కొడుకుది లైట్లు. జీఎస్టీ వచ్చిన ఏడాది, ఒక ఊళ్ళో పెళ్ళి నడుస్తుండగా మాజిద్ జనరేటరు అంటుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఒక గుడ్డ కాలింది, అంతే. ఆ మరునాడే జైనబక్క నా మెట్లెక్కి వచ్చింది.

"తమ్మి, నిన్న దేవుడు సూశిండు. రేపు ఎవలకన్న ఏమన్న అయితే? లైట్ల కాడ అయితదో, టెంటు కాడ అయితదో. మేం ముగ్గురం ఒకటే అంటరు గదా. నా షెడ్డు మీదికి వస్తరు."

"రావచ్చు," అన్నాను.

"అన్నది అన్నకు, నాది నాకు ఉండేటట్టు కాయితం ఏమన్న ఉంటదా? అన్నకు తెల్వకుండ కాదు. అన్నకు మనుసు నొవ్వకుండ. గా షెడ్డు పోతే నేను మల్ల ఒకల పెరట్ల గిన్నెలు తోముడే. ఇప్పుడు నడుం గూడ వంగదు."

అసలు నాకు కావలసింది అలాంటి ప్రశ్నే. అప్పట్లో నేను కొత్తగా కంపెనీ చట్టాల వీడియోలు చూసి చూసి ఉబ్బిపోయి ఉన్నాను. కొన్ని దేశాల్లో సిరీస్ కంపెనీ అని ఒక పద్ధతి ఉందట. పైన ఒక్కటే కంపెనీ, ఒక్కటే పేరు. లోపల ఎన్ని వ్యాపారాలుంటే అన్ని గదులు కట్టుకోవచ్చు. ఒక గదిలో నిప్పు పుడితే ఆ గదే కాలుతుంది, పక్క గదికి రాదు. మన దగ్గర ఆ చట్టం లేదు. లేకపోతే ఏం, అలాంటిదే నేను ఇక్కడున్న సరుకుతో కడతాను అనుకున్నాను. ఒకే ఇంటిపేరులా ముందు 'నబీ' అని పెట్టి, మూడు వేర్వేరు ఎల్‌ఎల్‌పీలు, అంటే ఎవరి అప్పుకు వాళ్ళే బాధ్యులయ్యే భాగస్వామ్య సంస్థలు: నబీ టెంట్స్, నబీ లైట్స్, నబీ కిచెన్. కిచెన్‌లో భాగస్తులు జైనబక్క, షాహీన్. టెంటు అప్పు టెంటుది, కిచెన్ బాధ్యత కిచెన్‌ది. తొర్రూరులో ఇలాంటి ఆలోచన చేసిన మొదటివాణ్ణి నేనే అని నా భార్యతో కూడా చెప్పాను. ఆమె ఉల్లిపాయలు తరుగుతూ, అట్లనా అంది.

"నా దాని మీద నా పేరు ఉండదా?" అని జైనబక్క అడిగింది.

"పేరు నబీ కిచెన్. కానీ యజమానివి నువ్వే."

సరే, మా అన్న పేరే ఉండనీ అంది ఆమె.

ఇప్పుడు నబీసాబ్‌కు చెప్పాలి. నేను చేసిన తప్పు ఆ సాయంత్రమే, ఆయన దుకాణంలోనే జరిగింది. చెప్పాల్సిన మాట చాలా చిన్నది: భాయ్, రేపు నీ టెంటు కూలి ఎవరైనా పోతే, నీ చెల్లె షెడ్డు పోకుండా ఈ కాగితాలు. ఇంతే. కానీ పెళ్ళిళ్ళ వ్యాపారి దుకాణంలో కూచుని ఆ మాట నోటితో అనడం ఎంత కష్టమో మా వైపు వాళ్ళకు తెలుస్తుంది. నబీసాబ్ చావింటికి టెంటు పంపినా, చావు అనేవాడు కాదు, 'ఆ పని' అనేవాడు. దానికి తెల్లగుడ్డలు వేరే మూల పెట్టేవాడు, అటు చూసేవాడు కూడా కాదు. పైగా మాఘమాసం ముహూర్తాలు వారంలో మొదలవుతున్నాయి. ఇద్దరు పెళ్ళివాళ్ళు ఎదురుగా కూచుని చాయ్ తాగుతున్నారు.

"ఏంది తమ్మీ గీ కాయితాలు?" అన్నాడు నబీసాబ్.

"ట్యాక్స్ కోసం భాయ్," అన్నాను.

"ట్యాక్సోళ్ళ కోసమేనా? మేం వేరు పడ్డట్టు గాదు గదా? ఊర్ల జనం అన్నచెల్లెండ్లు పంచుకున్నరంటే నేను తల ఎత్తుకోలేను."

"అదేం లేదు భాయ్. ఆఫీసరుకు చూపెట్టేందుకు."

కిచెన్‌కు తన పేరు వాడుకోవచ్చన్న కాగితంతో సహా ఆయన మూడు చోట్లా సంతకాలు చేసి నాకూ చాయ్ చెప్పాడు. నేను తాగాను. ఎంత నాజూకుగా పని చక్కబెట్టానో అని దుకాణం మెట్లు దిగుతూ నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మూడు నెలల్లో మూడు సర్టిఫికెట్లు వచ్చాయి. మూడు బ్యాంకు ఖాతాలు తెరిపించాను, మూడు రబ్బరు ముద్రలు చేయించాను, మూడు రసీదు పుస్తకాలు అచ్చు వేయించాను. గోడలు లేచాయి. ఇక ఆ గోడల మధ్య కాపురం చేయడమే మిగిలింది. అది ఎవరూ చేయలేదు.

ఎందుకంటే నబీసాబ్ దగ్గర బయానా బుక్కు ఉంది. పెళ్ళివాళ్ళు ఇచ్చే ముందస్తు పైసలను మా దగ్గర బయానా అంటారు. అది రాసుకునే పసుపు రంగు పుస్తకం ఆయన తండ్రి కాలం నాటి నమూనా. పైన 786, కింద 'టెంట్లు, లైట్లు, వంట' అని ఒకే వరుస. ముహూర్తాలు మొదలయ్యే ముందు శుక్రవారం నమాజు చేసి వచ్చి, మొదటి చీటి నబీసాబ్ తన చేత్తో రాసేవాడు. ఆ చేయి మంచిదని నమ్మకం. ఆయనకు కాదు, జనానికి. ఒక పెళ్ళి బయానా ఒక చేతిలోనే పెట్టాలి, మూడు చేతుల్లో పెడితే శుభకార్యం ముక్కలు చేసినట్టు అని పెళ్ళివాళ్ళ పట్టింపు. ముసలవ్వలు అయితే నబీసాబ్ కుడిచేతిలోనే పెట్టి మొక్కేవాళ్ళు. అలాంటిచోట జైనబక్క తన కొత్త పుస్తకం తీసి, వంటది నాకు వేరే రాయండి అనాలి.

మొదటి ఏడాది లెక్కల సమయానికి ఆమెను అడిగాను. "అక్కా, నీ చీట్లేవి?"

"అన్న బుక్కులనే రాసినం తమ్మి."

"అట్ల కాదక్కా, నీది వేరే ఉండాలె. లేకుంటే ఆ కాగితం ఉత్త కాగితమే."

"పెండ్లోళ్ళ ముందట నేను వేరే బుక్కు దీస్తే ఆయన మొకం ఎట్ల సూడాలె? నా బిడ్డను సాకిండు. నువ్వన్న ఆయనకు జర చెప్పరాదు. నువ్వు చదువుకున్నోనివి, నీ మాట ఇంటడు."

చెప్తాను అన్నాను. చెప్పలేదు. చెప్పాలంటే మొదట అన్న అబద్ధం దగ్గర్నుంచి చెప్పాలి. ట్యాక్స్ కోసం కాదు భాయ్, నీ టెంటు కూలుతుందనే భయం కోసం అనాలి. దానికంటే నాకు సులువైన దారి ఇంకొకటి ఉంది. కిచెన్ ఎల్‌ఎల్‌పీకి ఆ ఏడాది వ్యాపారం ఏమీ లేదు అని 'నిల్' రిటర్ను వేశాను. ఐదు నిమిషాల పని. మరుసటి ఏడాదీ అంతే. ఆ పై ఏడాదీ అంతే. ఆమె ఏడాదికి యాభై అరవై పెళ్ళిళ్ళు వండుతోంది, అన్నారం దర్గా దగ్గర మేకను కోసి మొక్కు తీర్చుకునే కందూరు విందులకు వేరే వండుతోంది, నేను మాత్రం ఆమె పొయ్యి వెలగనేలేదని ఏటా ప్రభుత్వానికి రాసిస్తున్నాను. ఫీజు కూడా తీసుకుంటున్నాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, దాచి లాభం లేదు. నా కొడుకు పంచెల ఫంక్షన్‌కు బయానా నేనూ నబీసాబ్ కుడిచేతిలోనే పెట్టాను. ఒకటే చీటి తీసుకున్నాను. టెంటు, లైట్లు, వంట, మూడూ ఒకే వరుసలో, కింద ఆయన సంతకం. గోడలు కట్టినవాణ్ణి నేనే, ఆ చీటి చదివాను కూడా. మూడు చీట్లు ఇవ్వు భాయ్ అందామని నోటి దాకా వచ్చింది. ఇంతలో ఆయన, నీ ఇంటి పండుగకు లైట్ల పైసలు వద్దులే తమ్మీ అన్నాడు. నేను నవ్వి చీటి జేబులో పెట్టుకున్నాను.

రెండు వేల ఇరవై మూడు మే నెలలో పాలకుర్తి పక్క ఊళ్ళో పెళ్ళి. సిమెంటు రోడ్డు మీద నబీసాబ్ టెంటు, పక్కనే జైనబక్క పొయ్యిలు. రోడ్డుకు మేకులు దిగవు కాబట్టి తాళ్ళను ఇసుక బస్తాలకు కట్టారు. ఎండాకాలం పెళ్ళిళ్ళకు అందరూ చేసేది అదే. మధ్యాహ్నం రెండో పంక్తి కూచున్నప్పుడు గాలిదుమారం వచ్చింది. గుడ్డ మొత్తం ఒక్కసారి లేచింది. జైనబక్క మొదట చేసిన పని, కాగుల్లో నీళ్ళు తెచ్చి పొయ్యిలన్నిటి మీదా గుమ్మరించడం. అందుకే గుడ్డ వచ్చి పొయ్యిల మీద పడ్డా అంటుకోలేదు. లేకపోతే ఎంతమంది పోయేవాళ్ళో. పెళ్ళికూతురి మేనమామ యాకయ్య, పంక్తిలో ఉన్న ముసలివాళ్ళను లేపి పక్కకు పంపుతున్నాడు. ఇనుప దూలం వచ్చి అతని నడుము మీద పడింది.

యాకయ్య బతికాడు. నడుము కింద నుంచి చచ్చుబడింది. రెండెకరాల పత్తి చేను చేసుకునే మనిషి మంచానికి అంటుకుపోయాడు. అతని భార్య కట్టమ్మ ఆరు నెలలు వరంగల్ దవాఖానలో అతని పక్కనే ఉంది. జైనబక్క వారం వారం బస్సెక్కి పోయి టిఫిన్ గిన్నెలో అన్నం, కూర ఇచ్చి వచ్చేది. కట్టమ్మ ఆ అన్నం తిన్నది, తర్వాత కేసూ వేసింది. వేయకుండా ఎలా ఉంటుంది? ముగ్గురు పిల్లలు, పని చేసే చెయ్యి ఒక్కటీ లేదు. ఈ కథలో చెడ్డవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వెతికితే నా ఆఫీసు దగ్గరే ఆగాల్సి వస్తుంది.

జనగామ కోర్టులో కేసు నడిచింది. కట్టమ్మ తరఫు లాయరు మొదట పసుపు చీటి పెట్టాడు: ఒకటే బయానా, ఒకటే సంతకం, మూడు పనులు. మా లాయరు నా మూడు సర్టిఫికెట్లు పెట్టాడు. ఇవి వేర్వేరు సంస్థలండీ, టెంటుకూ వంటకూ సంబంధం లేదండీ అన్నాడు. నాకు ఆ క్షణంలో ధైర్యం వచ్చింది. అప్పుడు కట్టమ్మ లాయరు ఇంకో కట్ట తీశాడు. నేనేసిన నిల్ రిటర్నులు, ఏడాది ఏడాదివీ. నన్ను బోనులోకి పిలిచారు.

"ఈ వంట సంస్థ ఎప్పుడైనా వ్యాపారం చేసిందా?" అని లాయరు అడిగాడు.

"చేసింది."

"మరి చేయలేదని మీరే రాశారు. ఇందులో ఏది అబద్ధం?"

లాయరు ఆ కట్ట బల్ల మీద పెట్టి పసుపు చీటి చేతిలోకి తీసుకున్నాడు.

"ముగ్గురూ ఒకే పుస్తకంలో బయానా రాస్తున్నట్టు మీకు తెలుసా?"

"తెలుసు," అన్నాను. అదీ నిజమే చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అబద్ధంతో మొదలుపెట్టినవాణ్ణి అక్కడికొచ్చాక నిజాయితీపరుణ్ణయ్యాను.

తీర్పు వచ్చింది. కాగితాల మీద మూడు పేర్లున్నా ముగ్గురూ కలిసి ఒకే వ్యాపారం చేశారు, పరిహారానికి ముగ్గురూ బాధ్యులు. నబీసాబ్‌వి పైపులు, గుడ్డలు, లారీ అమ్మారు. మాజిద్‌వి జనరేటర్లు అమ్మారు. చాలలేదు. మహబూబాబాద్ రోడ్డు మీది షెడ్డు మిగిలింది. అదీ పోయింది.

షెడ్డు వేలం అయిన వారానికి నబీసాబ్ నా ఆఫీసుకు వచ్చాడు. ఆ మెట్లు ఎక్కడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. కూచోమంటే కూచోలేదు.

"తమ్మీ, ఒక్కటి అడుగుత. గా కాయితాలు ట్యాక్స్ కోసం కాదట గదా. నా టెంటు కూలితే దాని షెడ్డు పోవద్దని జైనబే అడిగి చేయించుకున్నదట. కోర్టుల లాయర్ సాబ్ చెప్తే తెలిసింది నాకు."

"అవును భాయ్."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నీ మనసు నొచ్చుకుంటదని. దుకాణంలో చావు మాట అనబుద్ధి కాక."

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. కోపంగా ఏమైనా అంటాడని ఎదురుచూశాను, అంటే బాగుండుననిపించింది.

"నాకు తెలిసి ఉంటే, దాని బుక్కు నేనే నా చేత్తోని దానికిచ్చి, దుకాణంల నా పక్కపొంటి గద్దె ఏసి కూసోబెట్టి, వంట బయానా ఆమె చేతుల పెట్టుండ్రి అని పెండ్లోళ్ళకు చెప్తుంటి. నా చెల్లె తమ్మీ అది. దాని షెడ్డు కంటె నాకు బుక్కు ఎక్కువనా?"

ఇన్నేళ్ళూ నేనూ జైనబక్కా ఆయన మనసు గురించే భయపడ్డాం. ఆ మనసును ఒక్కసారి అడిగి చూడలేదు. ఆమెకు అడగలేని కారణం ఉంది, అన్న నీడలో బతికిన మనిషి. నాకు ఏ కారణమూ లేదు. ఒక చాయ్ తాగేంత సేపు ధైర్యం చేసి ఉంటే ఆరు పొయ్యిలు మిగిలేవి. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది, దాన్ని ఏ మాటతోనూ కప్పుకోలేకపోతున్నాను.

షెడ్డు కొన్న జగన్మోహన్ అనే ఆయన ఫంక్షన్ హాళ్ళవాడు, మంచివాడే. పొయ్యిలు పీకకుండా అలాగే ఉంచి, జైనబక్కనే రోజు కూలికి వండమన్నాడు. ఆమె ఒప్పుకుంది. నడుము నొప్పి ఉన్నా పొద్దున్నే పోతుంది. కట్టమ్మ పెద్దకొడుకును కాలేజీలో వేశారని తెలిసినప్పుడు నాతో, "పోయింది ఎక్కడికో పోలే తమ్మి, గా పొల్లగాని సదువుకు పోయింది," అంది. నన్ను ఊరడించడానికే అంది. ఆమె నన్ను ఊరడించాల్సి రావడం నాకు ఇంకా కష్టమైంది.

మొన్న వానాకాలంలో ఆమెను నేనే పిలిపించాను. సంస్థ అలాగే ఉంటే ఏటా ఫారాలు వేయాలి, వేయకపోతే రోజుకింత జరిమానా పెరుగుతూ పోతుంది. మూసేయడం మంచిది. ఫీజు నేను తీసుకోలేదు, అదొక గొప్ప కాదు. షాహీన్ సంతకం ముందే అయింది. జైనబక్క ఎదురు కుర్చీలో కూచుంది. చేతుల మీద నూనె చిట్లిన పాత మచ్చలు. ఇంగ్లీషులో ఉన్న ఫారాన్ని తెలుగులో చదివి చెప్పడం నా అలవాటు. సంతకం చేసేవాళ్ళకు ఏం రాసుందో తెలియాలని ఈ మధ్యే పట్టుబడిన అలవాటు.

"నబీ కిచెన్ అనే ఈ సంస్థ, ఏర్పడిన నాటి నుంచి నేటి వరకు, ఎలాంటి వ్యాపారమూ చేయలేదు అని ఇందుమూలంగా తెలియజేస్తున్నాము."

ఆమె చేయి పెన్ను దాకా వచ్చి ఆగింది.

"మల్ల సదువు తమ్మి."

మళ్ళీ చదివాను. పాత రిటర్నులన్నీ నిల్ అని ఉన్నాక ఇందులో ఇంకోలా రాయడానికి వీల్లేదు.

"ఏ యాపారం చెయ్యలే," అని ఆమె నెమ్మదిగా అంది. "ఎనిమిదేండ్లాయె గదా గిది పెట్టి. పెండ్లిళ్ళు, కందూర్లు, పసిపిల్లల అకీకాలు. ఎన్ని వేల మందో. ఒక్కలకు గూడ వండనట్టేనా?"

"కాగితం వరకే అక్కా," అన్నాను.

అలాంటి కాగితమే ఆమె షెడ్డును తీసుకుపోయింది. అది నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా ఆమె పెన్ను తీసుకుంది. సంతకం ఎక్కడ చేయాలని అడిగింది. నేను వేలితో చూపించాను. జైనబ్ అని మూడక్షరాలు, షాహీన్ నేర్పిన పద్ధతిలో, తొందర లేకుండా రాసింది.